డిపో మేనేజర్‌ని అడగని లెక్క

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆర్టీసీ డిపోలు మూడూ నల్లగొండ రీజియన్‌వే అయినా డ్యూటీలు ఒక తీరుగా ఉండవు. మొదటి రెండూ విజయవాడ హైవే మీదివి. సంక్రాంతికి ఆ రోడ్డెక్కిన బస్సు ఎన్నింటికి చేరుతుందో డ్రైవర్ కూడా చెప్పలేడు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర స్పెషళ్లు సూర్యాపేటకు అదనం. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీదున్న మిర్యాలగూడ వైపు జాన్‌పహాడ్ ఉర్సు రద్దీ ఉంటుంది.

మూడు చోట్లా డిపో మేనేజర్‌ (డీఎం)కి పైనుంచి ఎదురయ్యే ప్రశ్నలు మాత్రం అవే. ఈపీకే ఎంత? ఓఆర్ ఎంత? కేఎంపీఎల్ ఎంత? అంటే కిలోమీటరుకు రాబడి, సీట్ల నిండుదనం, లీటరు డీజిల్‌కు నడిచిన దూరం. సంస్థ నిలబడాలంటే ఇవి చూడాల్సిందే. కానీ ఈ నెల డబుల్ డ్యూటీలు ఎన్ని పడ్డాయి, ఎవరి వీక్లీ ఆఫ్ ఎన్నిసార్లు ఆగింది, సిక్‌లో ఎంతమంది ఉన్నారు అన్న లెక్కకూ అంతే బరువు ఉంటే డీఎం డ్యూటీ చార్ట్ వేసే తీరే మారిపోతుంది. రోజుకు ఎనిమిది గంటల పని, ఐదు గంటలకోసారి కనీసం అరగంట విశ్రాంతి అని మోటార్ రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పింది. మనిషి కొరత ఉన్న డిపోలో ఆ అరగంటకే ముందు కోత పడుతుంది.

ఈ కొరత ఒక్కరోజులో వచ్చింది కాదు. 2019 అక్టోబర్ 5న సమ్మెకు దిగినప్పుడు కార్మికులు సుమారు 48 వేల మంది. సమ్మె 52 రోజులు సాగింది. ప్రభుత్వం ‘సెల్ఫ్ డిస్మిస్’ అంది, డీఎంలు తాత్కాలిక డ్రైవర్లతో బస్సులు తిప్పారు. నిన్నటిదాకా తన దగ్గర పనిచేసినవాళ్లు గేటు బయట కూర్చుంటే, లోపల కొత్తవాళ్లకు డ్యూటీ వేయాల్సిన గతి డీఎంది. అలా పెరిగిన దూరం కార్మికులు తిరిగి చేరినంత మాత్రాన పూడదు. అదే ఏడాది డిసెంబర్ 1న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ డిపోకు ఐదుగురిని ప్రగతిభవన్‌కు పిలిచి, భోజనం పెట్టి, వరాలు ప్రకటించారు. మహిళలకు రాత్రి 8 దాటాక డ్యూటీ వద్దన్నారు, రిటైర్మెంట్ వయసు 60కి పెంచారు. యూనియన్ల స్థానంలో సంక్షేమ మండళ్లన్నారు. వయసు పెంపు మేలే. కానీ అది రిటైర్మెంట్లను రెండేళ్లు వాయిదా వేసిందంతే, కొత్త మనిషిని తేలేదు. 2023 ఆగస్టులో ఆర్టీసీ సిబ్బందిని ప్రభుత్వంలో విలీనం చేసే బిల్లు శాసనసభకు వచ్చేసరికి ఉద్యోగులు 43,373 మంది. బిల్లు చట్టమైంది. అయినా 2025 మేలో తలపెట్టిన సమ్మెకు ఇచ్చిన నోటీసులోనూ విలీనం డిమాండ్‌గానే మిగిలింది. మంత్రి పొన్నం ప్రభాకర్‌తో చర్చల తర్వాత ఆ సమ్మె వాయిదా పడింది.

ఈలోగా పని పెరిగింది. 2023 డిసెంబర్ 9న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆడవాళ్లు బస్సెక్కడం పెరిగింది, మంచి మార్పే. ఆ భారం మోసింది మాత్రం కండక్టర్. డబ్బు తీసుకోని ప్రయాణికురాలికీ టిమ్ (టికెట్ యంత్రం) మీద జీరో టికెట్ కొట్టాలి, గుర్తింపు కార్డు చూడాలి. కిక్కిరిసిన పల్లెవెలుగులో వెనక సీటుదాకా వెళ్లి ఈ పని ముగించేలోపు రెండు స్టేజీలు దాటిపోతాయి. కోదాడ కండక్టర్‌కి సరిహద్దు తగాదా వేరే. ఉచితం రాష్ట్ర పొలిమేర వరకే కాబట్టి ఆంధ్రలోని జగ్గయ్యపేట వైపు వెళ్లే మహిళ అక్కడినుంచి టికెట్ కొనాలి. ఆంధ్ర ఆధార్ చూపించినవాళ్లకు మొదటినుంచీ టికెట్టే. ఆంధ్రలో కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఇలాంటి ఉచిత పథకమే స్త్రీశక్తి నడుస్తుండగా, ఈ బస్సులో ఎందుకు చెల్లదని అడిగితే జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం కాదు, చేతిలో టిమ్ పట్టుకున్న మనిషి. ఆ గొడవ వీడియో తీసి ఎవరైనా పెడితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సిందీ అతనే. నా దృష్టిలో డీఎం విలువ తేలేది అక్కడే. ముందు తన మనిషి మాట విన్నాడా, ముందు ఛార్జ్‌షీట్ రాశాడా?

డ్రైవర్ సంగతి ఇంకో రకం. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల మీద జెరెమీ మోరిస్ బృందం 1953లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధం. మెట్లెక్కి దిగే కండక్టర్లకంటే కూర్చుని నడిపే డ్రైవర్లకే గుండెజబ్బులు ఎక్కువని తేలింది. డెబ్బై ఏళ్లనాటి ఆ సంగతి తెలిసి కూడా యాభై దాటిన డ్రైవర్‌కి డబుల్ డ్యూటీ వేయడం పొదుపు అనిపించుకోదు.

డీఎంని తిట్టడం తేలిక. పై ఆఫీసుకు భయపడి కింద అరిచే డీఎంలు లేరని కాదు. కానీ నియామకం ఆయన చేతిలో లేదు, జీతం ఆయన చేతిలో లేదు. సెలవు, చార్ట్, క్రమశిక్షణ చర్య, ఈ మూడే ఆయనవి. మొదటి రెండూ మనుషులు చాలినంతమంది ఉంటేనే పనికొస్తాయి. లేకపోతే మూడోదే మిగులుతుంది. వెయ్యి మంది డ్రైవర్లు, 743 మంది శ్రామిక్‌ల కోసం 2025లో నోటిఫికేషన్ ఇవ్వడం మంచి అడుగే. కానీ రాష్ట్రమంతటా ఉన్న డిపోలకు పంచితే ఒక్కోదానికి దక్కేది కొద్దిమందే.

పైగా డిపోలో డీఎం మాట చెల్లని డ్రైవర్లూ ఉన్నారు. అద్దె బస్సుల్లో, కాంట్రాక్టు మీద నడిచే ఎలక్ట్రిక్ బస్సుల్లో కండక్టర్ ఆర్టీసీ మనిషి, డ్రైవర్ ఓనర్ మనిషి. ఆర్టీసీ డ్రైవర్ పర్మినెంట్ ఉద్యోగం, పీఎఫ్ చూసుకుని ఓర్చుకుంటాడు. ఓనర్ డ్రైవర్‌కి ఓర్చుకోవాల్సిన పనేముంది? లారీ దొరికితే లారీ ఎక్కుతాడు. హైవే మీది ఊళ్లలో లారీలకు కొదవా! అతన్ని నిలుపుకోవాలంటే అద్దె ఒప్పందంలో కిలోమీటరు రేటు రాసినంత స్పష్టంగా డ్రైవర్ జీతం, విశ్రాంతి గంటలు రాయాలి. అవి తప్పిన నెల ఓనర్ బిల్లులో కోత పెట్టే అధికారం డీఎంకి ఇవ్వాలి.