మ్యూజియములో ధ్వని

మ్యూజియము కన్నులకు మాత్రమే విందు చేయునని పలువురు తలతురు. కాని అచ్చట చెవికిని పని కలదు. కన్ను వలదనుకొన్నచో మూసికొనవచ్చును. చెవికి రెప్ప లేదు. చుట్టునున్న ధ్వని అనుమతి లేకయే లోనికి వచ్చి, చూచువాని మనస్సును నిలుపును, లేదా చెదరగొట్టును.

ధవళేశ్వరమున గోదావరి చెంత కాటన్ దొర పేర నొక మ్యూజియము కలదు. 1847లో ప్రారంభమై 1852లో పూర్తియైన ఆనకట్టకు సంబంధించిన నమూనాలు అందున్నవి. వరద దినములలో బ్యారేజి తలుపులనుండి దుముకు నీటి హోరు విని వచ్చినవానికి ఆ చిన్న నమూనాయే పెద్దదిగా తోచును. ఎట్టి ప్రవాహమును నిలుపవలసివచ్చెనో చెవి అతనికి ముందే చెప్పియుండును. హైదరాబాదునందలి సాలార్‌జంగు మ్యూజియములో గడియారపు బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టుటకై జనము ముందుగనే చేరి వేచియుందురు. అట్టి ధ్వని వస్తువునకు ప్రాణము.

రాజమహేంద్రవరమున 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసెను. దానికై పాటుపడిన రాళ్ళబండి సుబ్బారావుగారి పేర అచ్చట ప్రభుత్వ మ్యూజియము కలదు. అట్టి చోట్ల శిల్పములును తాళపత్రములును ఒకే కప్పు క్రింద నుండును. శిల్పము మౌనమును కోరును. తాళపత్రము సంగతి వేరు. పూర్వము ఒకరు చదువగా పదిమంది కూర్చుండి వినెడివారు. నేడు అద్దపు పెట్టెలో ఆకు మిగిలినది, గొంతు పోయినది. దానియెదుట నిలిచినవారికి మాత్రమే వినబడునట్లు మెల్లని పఠనము ఏర్పరచినచో ఆ ఆకు మరల మాటలాడును. అదే పఠనము గది యంతయు మ్రోగినచో ప్రక్కనున్న శిల్పమునకు అపచారమగును.

మ్యూజియములో పూర్ణ నిశ్శబ్దమే ఉండవలెనని కొందరందురు. అదియు సరికాదు. “ఇది ఏమి?” అని అడుగ వెరచిన బాలుడు చూచియు నేర్చునది స్వల్పము. మెల్లని మాట ఉండవలెను, రొద కూడదు. చుట్టును సందడి పెరిగినకొలది మనుష్యుడు తనకు తెలియకయే గొంతు పెంచునని ఫ్రాన్సు దేశపు వైద్యుడు లొంబార్డు 1911లో వివరించెను. ఒకడు బిగ్గరగా పలికిన, రెండవవాడు అంతకంటె బిగ్గరగా పలుకును. క్షణములో గది సంత యగును. వివరించు ఉపాధ్యాయుని మాట ఎవరికిని వినబడదు. పల్లెనుండి వచ్చిన బాలునకు మరల అచ్చటికి వచ్చు అవకాశము కలుగునో లేదో! ఆ యొక్క గంటయు రొదలో పోయినచో అతనికి కలిగిన నష్టమును ఎవరు తీర్తురు?

దీపము ఏ వస్తువుపై పడవలెనో నిర్ణయించు అధికారులు, ఏ ధ్వని ఎచ్చట ఎంత ఉండవలెనో కూడ నిర్ణయింపవలెను. విద్యార్థులను చిన్న జట్లుగా పంపుట, ఫోనుల మ్రోతను మాన్పించుట ఖర్చు లేని పనులు. తక్కినది చూడవచ్చినవారి చేతిలో నున్నది. ఎవని మాట వానికి ముచ్చట; ప్రక్కవానికి అదే రొద. ఇది యెరిగి గొంతు తగ్గించు విద్యార్థి, తాను చూచుటయే కాక, ఇతరులకును చూచు అవకాశము కల్పించినవాడగును.