బయోటెక్నాలజీయా, మైక్రోబయాలజీయా?

పన్నెండవ తరగతి ఫలితములు వెలువడినది మొదలు మా కార్యాలయమునకు వచ్చు జాబులలో సగము పిల్లల చదువులను గూర్చియే యుండును. వైద్యవిద్యలో సీటు దొరకని బిడ్డను 'ఏదో బయోటెక్నాలజీలో' చేర్పించితిమని కొందరు, చేర్పింపవచ్చునా యని కొందరు వ్రాయుచుందురు. ఈ 'ఏదో' అను మాటయే ఈ వారము మాచేత కలము పట్టించినది. కుటుంబము కూడబెట్టిన ధనమును, బిడ్డయొక్క మూడు నాలుగేండ్ల కాలమును 'ఏదో' అను చదువుపై వెచ్చించుట మాకు సమ్మతముగా తోచలేదు.

మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, బయోసిస్టమ్స్ ఇంజనీరింగు అను మూడు చదువులును కళాశాలల ప్రకటనలలో ఒకే రంగు పూసుకొని కనిపించును. వీని భేదమును నిర్వచనములతో చెప్పుటకన్న ఒక తోటను చూపించుట మేలు.

మగ్గములను నమ్ముకొని షోలాపురమున తరతరములుగా స్థిరపడిన మనవారికి ఆ జిల్లా దానిమ్మతోటలు కొత్తవి కావు. అచ్చటి రైతులు 'తేల్యా' అని పిలుచు తెగులొకటి కలదు. ఆకులపైనను కాయలపైనను నూనె మరకవంటి మచ్చ పుట్టి, మచ్చ నల్లబడి, కాయ పగులును. కోతకు వచ్చిన తోట కన్నులయెదుటనే పోవును. దీనికి కారణము జాంథోమోనాస్ జాతికి చెందిన బాక్టీరియా. జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రము 2005లో షోలాపురముననే నెలకొన్నది.

ఆ తోటలోనికి మైక్రోబయాలజీ చదివినవాడు వచ్చెననుకొందము. అతడు మచ్చనుండి నమూనా తీసి, ప్రయోగశాలలో పోషకపదార్థముపై పెంచి, అది బాక్టీరియాయో శిలీంధ్రమో, ఏ మందునకు లొంగునో తేల్చును. ఇది చిన్నపని కాదు. బాక్టీరియా తెగులునకు బూజుమందు కొట్టిన రైతు సొమ్ము మట్టిపాలగును. బయోటెక్నాలజీ చదివినది వచ్చినచో, రోగము లేని మొక్కనుండి కణజాలవర్ధనముచేత వేలకొలది నారుమొక్కలను పుట్టించును. తెగులును తట్టుకొను గుణము ఏ జన్యువులలో నున్నదో వెదకును. మూడవవాడు ఇంజనీరు. వానచినుకుల చిందులతో ఈ బాక్టీరియా చెట్టునుండి చెట్టునకు ప్రాకునని అతనికి తెలియును గనుక, ఆకు తడవకుండ నీరు వేరునకే చేరునట్లు బిందుసేద్యపు గొట్టములను అమర్చును. కోసిన కాయకు శీతలగిడ్డంగిని, గింజలొలుచు యంత్రమును అతడే రూపొందించును. తోట యొక్కటియే, పనులు మూడు. మన బిడ్డకు వీనిలో ఏ పని చేయవలెనని యున్నది? మొదట అడుగవలసిన ప్రశ్న ఇది.

బయోసిస్టమ్స్ ఇంజనీరింగు అను పేరు మన దేశమున ఇంకను అరుదు. ఆ పేరు కనబడలేదని నిరాశపడనక్కరలేదు. దీనికి మనయొద్ద వాడుకలోనున్న పేరు వ్యవసాయ ఇంజనీరింగు. 1942లో అలహాబాదునందలి వ్యవసాయ విద్యాలయమున ఈ చదువు ఆరంభమైనది. అమెరికాలోని వ్యవసాయ ఇంజనీర్ల సంఘము సైతము 2005లో గాని తన పేరులో 'జీవ' శబ్దమును చేర్చుకొనలేదు. కోయంబత్తూరు, బెంగళూరు, భువనేశ్వరము, రాహురి వ్యవసాయ విశ్వవిద్యాలయములు నాలుగింటను ఈ శాఖ కలదు. మనవారు నివసించు నాలుగు రాష్ట్రములలో నాలుగు తలుపులు తెరచియుండగా, వీనిని తట్టువారు మాత్రము కొద్దిమంది. 'వ్యవసాయము' అను మాట వినగానే, నాగలిని విడిచి పట్టణము చేరిన కుటుంబములకు మరల నాగలియొద్దకే పోవుచున్నట్లు తోచుట దీనికి కారణము కాబోలు! ఒక్క హెచ్చరిక మాత్రము అవసరము. ఈ చదువు గణితముపై నిలిచియున్నది. వైద్యవిద్యపై ఆశతో పదునొకండవ తరగతిలోనే గణితమును వదలుకొన్న బిడ్డలకు ఇది కష్టము.

ఇక బయోటెక్నాలజీని గూర్చి మా అభిప్రాయమును దాచక చెప్పుదుము. అది గొప్ప శాస్త్రమే. మొదటి పట్టముగా మాత్రము అందరికిని తగినది కాదు. ఈ రంగమున పేరుగాంచినవారు ఏయే చదువులనుండి వచ్చిరో చూడుడు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మదరాసున వైద్యము చదివి, అమెరికాలో జీవరసాయనమున నిష్ణాతుడైనాడు. ఆయన నడపిన పరిశోధనశాలనుండియే 1948లో ఆరియోమైసిను వెలువడినది. మట్టిలోని సూక్ష్మజీవి యిచ్చిన మందు అది. బెంగళూరున 1978లో బయోకాన్ సంస్థను స్థాపించిన కిరణ్ మజుందార్ జంతుశాస్త్రము చదివి, ఆస్ట్రేలియాలో బీరు కాచు విద్య నేర్చి వచ్చినది; బొప్పాయి పాలనుండి ఎంజైము తీయుటతో ఆ సంస్థ పని ఆరంభమైనది. హైదరాబాదున 1993లో శాంతా బయోటెక్నిక్స్‌ను నెలకొల్పి, 1997లో హెపటైటిస్-బి టీకాను తెచ్చిన వరప్రసాదరెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. తిరుత్తణి ప్రాంతపు రైతుబిడ్డయైన కృష్ణ ఎల్లా వ్యవసాయశాస్త్రము చదివి, అమెరికాలో డాక్టరేటు పొంది, 1996లో భారత్ బయోటెక్ ఆరంభించెను.

ఆనాడు ఆ పేరుతో పట్టమే దుర్లభము గదా యని పాఠకులు ఆక్షేపింపవచ్చును. నిజమే, కేంద్రమున బయోటెక్నాలజీ శాఖ ఏర్పడినదే 1986లో. ఐనను ఇందొక సంగతి గ్రహింపదగియున్నది. బయోటెక్నాలజీ పలు శాస్త్రములు కలిసికొను కూడలి. ఆ కూడలికి వచ్చువారు ఏదో యొక శాస్త్రమును గట్టిగా చేతబట్టుకొని రావలయును. మొదటి పట్టములోనే కొంత రసాయనము, కొంత జన్యుశాస్త్రము, కొంత ఇంజనీరింగు వడ్డించు కళాశాలలో విద్యార్థి అన్నియు రుచి చూచి ఆకలితో లేచిన విందునకు పోయినవాడగును. మంచి ప్రయోగశాలలును, పరిశోధన చేయు అధ్యాపకులును గలచోట ఈ మాట వర్తింపదు. పైచదువు, ఆపై పరిశోధన, వెరసి ఎనిమిది పదేండ్లు చదివింపగల స్తోమత, చదువగల ఓపిక యున్నవారు నిశ్చింతగా చేరవచ్చును. మొదటి పట్టము చేతికి రాగానే బిడ్డ సంపాదన ఇంటికి కావలసిన కుటుంబములు మైక్రోబయాలజీనో వ్యవసాయ ఇంజనీరింగునో ఎన్నుకొనుట మేలని మా తలంపు. మందుల కర్మాగారములు, పాలకేంద్రములు, నీటిపరీక్షా కేంద్రములు, ఆహారపు కర్మాగారములు, అన్నింటను సూక్ష్మజీవుల పరీక్ష నిత్యకృత్యము. తొలి జీతము పెద్దది కాదనియు, రాత్రి పాళీలు తప్పవనియు ముందే తెలిసికొని పంపవలయును.

ఉద్యోగ నిబంధనలను పట్టము చేరుటకు ముందే చదువుట మంచిది. 2011 నాటి ఆహార భద్రతా నియమముల ప్రకారము ఆహార భద్రతాధికారి పదవికి బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ పట్టములు రెండును చెల్లును. కాని కేంద్రీయ విద్యాలయములలో జీవశాస్త్రపు పై తరగతుల ఉపాధ్యాయ పదవికి మైక్రోబయాలజీలోగాని బయోటెక్నాలజీలోగాని ఎం.ఎస్‌సి. యున్నను, మొదటి పట్టములో వృక్షశాస్త్రమును జంతుశాస్త్రమును చదివియుండవలెనను షరతు కలదు. బోధనపై మనసున్న బిడ్డ ఈ రెండును లేని బి.ఎస్‌సి.లో చేరి, అయిదేండ్ల తరువాత ఈ షరతు చూచి నివ్వెరపోవుట మనము ఎరుగనిది కాదు.

మనబోటి వారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. తెలుగువారము గనుక తెలుగు రాష్ట్రములలో సీటు సులభమని భ్రమించు తల్లిదండ్రులు ఇంకను ఉన్నారు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అచ్చట 85 శాతము సీట్లను స్థానికులకు ప్రత్యేకించినది. తక్కినవానిలోను బయటివారికి చోటు స్వల్పము. హోసూరున పుట్టిన తెలుగు బిడ్డ చిత్తూరున స్థానికుడు కాడు. కావున మనము నివసించు రాష్ట్రముననే మన హక్కును వెదకుకొనవలయును. భాషాల్పసంఖ్యాకులను రాష్ట్రమునుబట్టి నిర్ణయింపవలెనని సుప్రీంకోర్టు 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పున చెప్పినది. తెలుగువారు స్థాపించి, అల్పసంఖ్యాక ప్రతిపత్తి పొందిన కళాశాలలలో మనవారికి కొన్ని సీట్లు కేటాయింపబడును. యానాం పిల్లలు పుదుచ్చేరి వారి సెంటాక్ ద్వారా పోవలయును. వ్యవసాయ విశ్వవిద్యాలయములలో అఖిలభారత సీట్లు కొన్ని సి.యు.ఇ.టి. పరీక్షద్వారా లభించుచున్నవి, వీనికి నివాసమెక్కడ యని అడుగరు.

ఐతే మన కోటాలో సీటు వచ్చినదను సంతోషమున కళాశాలను చూడక చేరుట తగదు. మనవారి కళాశాలయైనను సరే, ప్రవేశరుసుము కట్టుటకు ముందు తండ్రియో తల్లియో బిడ్డను వెంటబెట్టుకొని ప్రయోగశాలకు పోవలయును. ఆటోక్లేవు వాడుకలో నున్నదా, దానిపై గుడ్డ కప్పియున్నదా? వారమునకు ఎన్ని గంటలు విద్యార్థులు స్వయముగా చేతులతో పనిచేయుదురు? చివరి సంవత్సరపు ప్రాజెక్టును ఇచ్చటనే చేయుదురా, సొమ్ముచెల్లించి బయట కొనితెచ్చుకొందురా? అధ్యాపకులు చెప్పనిది మూడవ సంవత్సరపు విద్యార్థులు చెప్పుదురు. వారిని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు.

ప్రవేశముల తొందర ముదురకముందే పాఠశాల రికార్డులలో బిడ్డ మాతృభాష తెలుగని వ్రాయబడియున్నదో లేదో చూచుకొనుడు. లేనిచో ప్రధానోపాధ్యాయులను ఇప్పుడే కలిసికొనుట మంచిది. మందుల పరీక్షాశాలలలోను, పాలకేంద్రములలోను, వ్యవసాయ యంత్రాగారములలోను పనిచేయుచున్న మన సభ్యులు తమ పనిదినము ఎట్లు గడచునో, ఏ చదువు అక్కరకు వచ్చినదో, ఏది రాలేదో నాలుగు పంక్తులు వ్రాసి పంపిన, వచ్చు సంచికలలో ప్రకటింతుము.