సంఘానికి లీడర్‌గా ఉండమంటే...

"మా పొదుపు సంఘానికి ఈసారి లీడర్‌గా నన్నే ఉండమని అందరూ పట్టుబడుతున్నారు. మా ఆయనేమో జీతం బత్తెం లేని కొలువు నీకెందుకంటున్నారు. ఏం చెయ్యమంటారు?" అని ఒక చెల్లెలు రాసింది. ఊరి పేరు వెయ్యొద్దంది కనుక వెయ్యను. పట్నానికి ఆనుకుని పెరిగిపోతున్న పల్లెటూరట. పొలాలు ప్లాట్లయ్యాయి, అద్దెకి దిగినవాళ్ళ ముఖాలు కూడా తెలియడం లేదట.

జీతం లేని మాట నిజమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా కొట్టు వద్దని కొంగు బిగించిన ఆడవాళ్ళకి మాత్రం ఎవరిచ్చారు జీతం? అక్షరాలు నేర్చుకుంటూనే ఆ పని చేశారు వాళ్ళు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. తర్వాత 1995లో సంపూర్ణ మద్య నిషేధం రావడం, 1997లో దాన్ని ఎత్తెయ్యడం వేరే కథ లెండి. ఆ ఉద్యమం జరిగిన జిల్లాలోనే, రోజుకో రూపాయి దాచుకుందామని పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. మీ సంఘానికి అవి పెద్దక్కల్లాంటివి.

ఇక లీడర్ పనంటారా, చెప్పుకోడానికి చిన్నదే. అందర్నీ మీటింగుకి పోగెయ్యాలి. డబ్బు లెక్కపెట్టి పుస్తకంలో ఎక్కించాలి. తీర్మానం రాయించి సంతకాలు పెట్టించాలి, బ్యాంకుకెళ్ళి నిలబడాలి. వాయిదా కట్టని ఆవిడ గడప తొక్కాలి. ఆవిడ మీకు పిన్ని వరసైతే ఇక చూసుకోండి!

క్రమం తప్పని సమావేశం, పొదుపు, సంఘంలోనే అప్పులివ్వడం, వాటిని తిరిగి కట్టడం, సరైన పుస్తకాలు - ఈ అయిదింటినీ పంచసూత్రాలంటారు. నన్నడిగితే చివరిది సరిగ్గా ఉంటే మిగతా నాలుగూ నిలబడతాయి. అందుకే ప్రతి మీటింగులోనూ ఎవరు ఎంత కట్టారో, ఎవరి బాకీ ఎంతో పైకి చదివించండి. చదువు రానివాళ్ళు కూడా వింటారు కదా. సంఘం డబ్బు మీ ఇంట్లో ఎక్కువ రోజులు ఉంచుకోకండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ విత్‌డ్రాయల్ ఫారం మీద ఎంత దగ్గరవాళ్ళు అడిగినా సంతకం పెట్టకండి. ఒకరి పేరున అప్పు తీసి ఇంకొకరు వాడుకోవడానికి అసలే ఒప్పుకోకండి. తగాదాలు మొదలయ్యేది అక్కడే.

ఇంకో మాట. అప్పు అడిగినావిడని "ఇంకెక్కడన్నా బాకీ ఉందా అమ్మా?" అని నెమ్మదిగా అడగాలి. నలుగురిలో కాదు, విడిగా. 2010లో సూక్ష్మ రుణ కంపెనీల వారం వారం వసూళ్ళకి తాళలేక ఎన్ని ఇళ్ళు గుల్లయ్యాయో గుర్తుండే ఉంటుంది. ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తున్న మనిషిని బ్యాంకు మేనేజరు కన్నా ముందు మీరే కనిపెట్టగలరు. పక్కింట్లో ఉండేది మీరు కదా.

అద్దెకొచ్చినవాళ్ళని దూరంగా పెట్టకండి. మీ సంఘం నిండిపోతే, వాళ్ళలో పదిమంది కలిస్తే కొత్త సంఘమవుతుంది. దాన్ని గ్రామ సమాఖ్యలో చేర్పించడానికి ఒకసారి వెంట వెళ్ళండి. రేపు కుళాయి నీళ్ళ కోసమో, అంగన్‌వాడీ కోసమో పంచాయతీకి వెళ్ళాల్సి వస్తే ఆ పదిమందీ మీ పక్కనుంటారు.

ఎవరో పెద్దాయన సభకొస్తున్నాడు, ఇరవైమందిని వెంటబెట్టుకు రండి అని ఫోన్లు వస్తాయి. ఆ పని పంచసూత్రాల్లో ఎక్కడా లేదు! వెళ్ళేవాళ్ళు వాళ్ళిష్టంతో వెళ్తారు, మీరు మాత్రం హాజరు పుస్తకం పట్టుకుని ఎవర్నీ బెదిరించకండి.

మీ ఆయనకి కోపం తెచ్చుకోకుండా చెప్పండి. మీటింగు సాయంత్రం పిల్లలకి అన్నం ఎవరు పెడతారో ముందే తేల్చుకోండి. పొద్దున్నే పప్పు ఉడికించి ఉంచితే తాలింపు ఆయనా పెట్టగలరు. రెండేళ్ళో మూడేళ్ళో చేసి ఇంకొకరికి అప్పజెబుతానని సంఘంలో కూడా ఇప్పుడే అనండి, రెండో లీడర్‌కి అన్నీ నేర్పుతూ రండి. ఒక్కరే ఏళ్ళ తరబడి ఉన్నచోట పుస్తకాలన్నీ ఆవిడ బీరువాలోకి చేరిపోతాయి.

అన్నట్టు, మీరు ఊఁ అనే ముందు పాత పుస్తకాలు, బ్యాంకు పాస్‌బుక్కు ఒకసారి చూపించమనండి. తెచ్చి ముందు పెడితే ఒప్పుకోండి. "రేపు చూద్దాంలే" అంటే మీరూ రేపు చూద్దామనండి. ఏమైందో మళ్ళీ ఉత్తరం రాయండి.