మద్దెల మీద నేరం

ఇంగ్లండ్‌లో అమ్మిన రకం ట్రయంఫ్ టీఆర్6 ఒకటి కొన్నారనుకోండి. కారు మీ షెడ్డుకి చేరకముందే సలహా చేరుతుంది: “ముందు ఆ ఇంజెక్షన్ పీకేయించండి. మూడు వెబర్ కార్బొరేటర్లు పెట్టించుకోండి. బండీ సుఖపడుతుంది, మీరూ సుఖపడతారు.” చెప్పేవాళ్లు మనకి చెడు కోరేవాళ్లేం కారు. యాభై ఏళ్లుగా ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి చేరుతున్న మాట అది, వాళ్ల దాకా వచ్చింది, మనకి అందించారు. ఆ సలహా రెండు కాళ్ల మీద నిలబడుతుంది. పాత కారుకి కార్బొరేటరే సహజం, ఇంజెక్షన్ తర్వాతెప్పుడో వచ్చిపడ్డ పరాయి సొమ్ము అన్నది ఒకటి. కార్బొరేటర్ని నమ్మొచ్చు, లూకాస్ ఇంజెక్షన్ నడిరోడ్డు మీద వదిలేస్తుంది అన్నది రెండోది. రెండు కాళ్లూ కుంటివే.

మొదటిదాని సంగతి తొందరగా తేల్చేయొచ్చు. 1940లో ఇంగ్లండ్ ఆకాశంలో స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల మెర్లిన్ ఇంజన్లకి కార్బొరేటర్లుంటే, ఎదురుగా వచ్చిన మెసర్ష్మిట్ 109లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి ఇంజెక్ట్ అయ్యేది. జర్మన్ పైలట్ ముక్కు కిందికి తోసి తప్పించుకునేవాడు. వెంటపడిన స్పిట్‌ఫైర్ కూడా అలాగే దూకితే ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు పైకెగిరి, ఇంజన్ ఉక్కిరిబిక్కిరయ్యేది. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు పెట్రోలు దారిలో చిల్లున్న చిన్న లోహపు బిళ్ల అమర్చి ఆ గండం చాలావరకు గట్టెక్కించింది. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద మోటార్‌సైకిల్ రేసులు ఆడిన మనిషి ఆవిడ. యుద్ధమయ్యాక 1952లో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ రేసు కారు మూడు సోలెక్స్ కార్బొరేటర్లతో పరిగెత్తింది. 1954లో అదే పేరుతో జనానికి అమ్మిన కారుకి బాష్ ఇంజెక్షన్ పెట్టారు. కొనుక్కునేవాడి కారు రేసు కారు కన్నా బలమైనదైంది. అమెరికాలో షెవ్రొలే 1957లోనే కార్వెట్‌కి ఇంజెక్షన్ ఇచ్చి, 283 ఘనపుటంగుళాల ఇంజన్ నుంచి 283 హార్స్‌పవర్ వస్తుందని చాటుకుంది. ఇవన్నీ ‘క్లాసిక్’ కాదంటే ఇంకేది క్లాసిక్?

ఇక ట్రయంఫ్ సంగతి. 1967లో కోవెంట్రీ నుంచి టీఆర్6కి ముందటి టీఆర్5 వచ్చింది. వరసగా ఆరు సిలిండర్లు, 2498 సీసీ, లూకాస్ పెట్రోల్ ఇంజెక్షన్. మూడువేలకు లోపే తయారయ్యాయి. అదే కారు అమెరికాకి టీఆర్250 అన్న పేరుతో, రెండు స్ట్రోంబర్గ్ కార్బొరేటర్లతో ఓడెక్కింది. ఎందుకు? కార్బొరేటర్ మీద ప్రేమతో కాదు. అమెరికాలో కొత్తగా వచ్చిన పొగ నిబంధనలు ఒకపక్క, ధర ఒకపక్క తరుముతుంటే ఆ దారి పట్టారు. కవల పిల్లల్లో ఒకడిని ఇంట్లో ఉంచి, ఇంకొకడిని దత్తత పంపినట్టయింది. కంపెనీ లెక్క ప్రకారం ఇంట్లో ఉన్నవాడికి 150 హార్స్‌పవర్, వెళ్లినవాడికి దాదాపు 40 తక్కువ.

ఇక్కడ నా పక్షం వాళ్లు కూడా కాస్త నిజం ఒప్పుకోవాలి. ఆ 40 మొత్తం ఇంజెక్షన్ చలవ కాదు. అమెరికా ఇంజన్‌కి కామ్‌షాఫ్ట్ మెత్తనిది, కంప్రెషన్ తక్కువ. ఆ 150 అంకెలోనూ కొంత ఉదారత్వం ఉంది. అదే ఇంజన్ ఉన్న టీఆర్6 1973 మోడల్‌కి కామ్‌షాఫ్ట్‌ని మెత్తబరిచి, కొలిచే పద్ధతి కూడా మార్చేసరికి అది 125కి దిగింది. అయితే కార్బొరేటర్ మెడకి చుట్టుకున్న రెండు ఇబ్బందులు ఏ లెక్కతోనూ పోవు. గాలిదారిని ఇరుకు చేస్తే తప్ప అది పెట్రోలుని పీల్చలేదు. పీల్చిన పెట్రోలు మానిఫోల్డ్ గోడలకి తడిగా అంటుకుంటూ పోతుంది కాబట్టి, రెండు కార్బొరేటర్ల కింద ఆరు సిలిండర్లు కూర్చుంటే అందరికీ సమానంగా వడ్డన జరగదు. బంతి చివర కూర్చున్నవాడి విస్తరి గతి మనకి తెలిసిందే. ఇంజెక్షన్‌లో ఆరుగురికీ ఆరు గరిటెలు.

ఇంతకీ ఆ లూకాస్ యంత్రంలో ఏముంది? కంప్యూటర్ లేదు, చిప్పు లేదు. డిక్కీలో ఒక ఎలక్ట్రిక్ పంపు, చదరపు అంగుళానికి 100 పౌండ్ల పైచిలుకు ఒత్తిడితో పెట్రోలుని ముందుకి తోస్తుంది. ఇంజన్ పక్కన మీటరింగ్ యూనిట్. అందులో ఇంజన్‌తోపాటు తిరిగే రోటర్, ఆ రోటర్ కడుపులో ఒక చిన్న షటిల్. మగ్గంలో నాడె ఆడినట్టు అది అటూ ఇటూ ఆడుతుంది. ఎంత దూరం ఆడితే అంత పెట్రోలు, ఒక్కో సిలిండర్‌కి వంతులవారీగా. ఎంత దూరం ఆడాలో చెప్పేది మానిఫోల్డ్‌లోని వాక్యూమ్. పెడల్ నేలకి తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, నాడెకి జాగా పెరుగుతుంది. చేతితో విప్పి, కంటితో చూసి అర్థం చేసుకోగలిగిన యంత్రం. నన్నడిగితే ఆ కారు మొత్తంలో అందమైన భాగం అదే. అటకెక్కేదీ అదే.

నేరం చేసింది మాత్రం డిక్కీలోని పంపు. దాని మోటారు విండ్‌స్క్రీన్ వైపర్ మోటారు వంశంలోదే. వానలో అద్దం తుడిచే మోటారు సంతతికి, గంటల తరబడి 100 పౌండ్ల ఒత్తిడి మొయ్యమని పని ఒప్పజెప్పారు. వేసవిలో, దూర ప్రయాణంలో, ట్యాంకులో పెట్రోలు అడుగంటుతున్నప్పుడు పంపు కాగిపోయేది. లోపలి పెట్రోలు ఆవిరయ్యేది, ఒత్తిడి పడిపోయేది, కారు ఆగిపోయేది. చల్లబడటానికి పంపు చుట్టూ పెట్రోలు తిరిగే గొట్టపు చుట్ట ఒకటి వేసి చూశారు. అసలు మందు కారు యజమానులు కనిపెట్టారు: ఆ పంపు తీసి పక్కనపెట్టి, బాష్ పంపు బిగించడం. ఈ చిట్కా దశాబ్దాలుగా అందరికీ తెలుసు. తెలిసీ, పంపు తప్పుకి మీటరింగ్ యూనిట్‌నీ, ఆరు ఇంజెక్టర్లనీ, మొత్తం మానిఫోల్డ్‌నీ పీకేయడమంటే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పంటించడమే.

రెండో ముద్దాయి గ్యారేజీ. ఆనాటి మెకానిక్‌లకి చెవి ఉంది, స్క్రూడ్రైవర్ ఉంది. ఎస్‌యూ కార్బొరేటర్‌కి ఆ రెండూ చాలు. ఈ కొత్త యంత్రానికి ప్రెషర్ గేజ్ కావాలి, శుభ్రమైన ఫిల్టర్ కావాలి. వాల్వ్ క్లియరెన్స్ సరిగ్గా ఉండాలి. ఎక్కడా గాలి చొరబడకూడదు. ఎందుకంటే వాక్యూమ్ అబద్ధం చెబితే మీటరింగ్ యూనిట్ ఆ అబద్ధాన్నే నమ్మి పెట్రోలు పోస్తుంది. చిట్లిన రబ్బరు గొట్టాన్ని వదిలేసి, మీటరింగ్ యూనిట్ సెట్టింగు తిప్పడం మొదలుపెట్టిన చేతులెన్నో! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చివరికి తీర్పు “లూకాస్ కదండీ, అంతే” అని. లూకాస్ పేరు మీద ఇంగ్లిష్‌వాళ్లకి సొంత జోకుల భాండాగారమే ఉంది కనుక, ఆ తీర్పు మీద అప్పీలుకి వెళ్లినవాడు లేడు.

వెళ్లి ఉంటే సాక్షులు దొరికేవారు. టీఆర్5 వచ్చిన 1967లోనే, హాలండ్‌లోని జాండ్‌వోర్ట్‌లో కాస్వర్త్ డీఎఫ్‌వీ ఇంజన్ తొలిసారి బరిలోకి దిగింది. జిమ్ క్లార్క్ నడిపిన లోటస్ 49ని ఆ రోజే గెలిపించింది. ఆ ఇంజన్‌కి పెట్రోలు పోసింది లూకాస్ మెకానికల్ ఇంజెక్షనే. ఆ తర్వాత డీఎఫ్‌వీ 150కి పైగా గ్రాండ్ ప్రీలు గెలిచింది. రేసు కారు వెంట నలుగురు మెకానిక్‌లుంటారు, దాని లెక్క వేరు అంటారా? ఒప్పుకుంటాను. మరి 1970 లండన్–మెక్సికో ర్యాలీ? దాదాపు 16,000 మైళ్లు, యూరప్ మట్టిదారులు, ఆండీస్ కొండలు. టీఆర్ ఇంజన్‌నీ, లూకాస్ ఇంజెక్షన్‌నీ మోసిన ట్రయంఫ్ 2.5 పీఐ అందులో రెండో స్థానంలో వచ్చింది, ఇంకొకటి నాలుగో స్థానంలో. ఆండీస్ దాటిన యంత్రం ఆదివారం పూట ఊరి బయటి టీ దుకాణం దాకా వెళ్లలేదంటే తప్పు ఎక్కడుందో వెతకాలి.

ఇప్పుడు ‘సులువైన’ వెబర్ల సంగతి. టీఆర్6కి పెట్టేవి సాధారణంగా 40 డీసీఓఈలు, మూడు. ఒక్కోదానికి రెండు గొంతులు, వెరసి ఆరు. ఒక్కో గొంతుకి మెయిన్ జెట్, ఐడిల్ జెట్, ఎయిర్ కరెక్టర్, ఎమల్షన్ ట్యూబ్, పంప్ జెట్, చోక్. ఆరారు ముప్ఫై ఆరు. వీటిలో ప్రతిదానికీ అరడజను సైజులు. సైలెన్సర్ మారిస్తే మళ్లీ మొదటికి. ఆరు గొంతులూ ఒకేసారి, ఒకే మోతాదులో గాలి పీల్చేటట్టు లింకేజీ సరిచేయాలి. దీన్ని చేయించడానికి కారుని రోలింగ్ రోడ్ మీదికి ఎక్కించి, వెబర్ వ్యాకరణం తెలిసిన పండితుణ్ని వెతుక్కోవాలి. ఇంజెక్షన్‌కి నిపుణుడు కావాలి కాబట్టి వద్దన్నవాళ్లే ఈ నిపుణుడి గడప దగ్గర కాపు కాస్తారు. బాగా కుదిరిన వెబర్ల మోత వింటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది, దాచను. కానీ మోతకోసం చేసే పనిని ‘నమ్మకం’ కోసం అని చెప్పుకోకూడదు.

నాకు కార్బొరేటర్ మీద కక్ష లేదు. ఎస్‌యూ అంటే గౌరవం. ఇంగ్లండ్‌లో స్కిన్నర్ అన్నదమ్ముల చేతిలో పుట్టింది. వాళ్ల ఇంటి వ్యాపారం చెప్పులు, బూట్లు. మొదటి ఎస్‌యూలో పిస్టన్ ఉండాల్సిన చోట తోలు తిత్తి ఉండేది, ఇంట్లో దొరికేది అదే మరి. ఒక్క సూది, ఒక్క జెట్, గాలిని బట్టి తనంతట తాను పైకీ కిందికీ కదిలే గొంతు. ఎస్‌యూలతో పుట్టిన ఎంజీబీ కారుకి ఎవరైనా కంప్యూటర్ ఇంజెక్షన్ పెడతానంటే నేనే అడ్డుపడతాను. నా తగువంతా ‘ఆత్మ’ అనే మాటతోనే. మా నాన్న రోజూ ఉదయం స్కూటర్ని పక్కకి వంచి, నిలబెట్టి, చోక్ లాగి, నాలుగు కిక్కులు కొట్టేవాడు. అందులో ఆయనకి కనిపించిన ఆత్మ నడుం నొప్పి ఒక్కటే. 2020లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చి మన కొత్త బైకుల్లో చాలావరకు ఇంజెక్షన్‌కి మారితే ఏ ఇంట్లోనూ ఎవరూ ఏడవలేదు.

ఎదుటి పక్షం మాటల్లో నిజమైనవీ ఉన్నాయి. కార్బొరేటర్ సగం పాడైతే దగ్గుతూ అయినా ఇంటికి చేరుస్తుంది, ఇంజెక్షన్‌లో ఒత్తిడి పోతే అక్కడే ఆగుతుంది. 100 పౌండ్ల ఒత్తిడిలో పాతబడ్డ గొట్టం చిట్లితే అది ఆటలు కాదు. 2021 నుంచి బ్రిటన్ బంకుల్లో పది శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలే మామూలైంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలు మార్చి తీరాలి. మార్చండి. కార్బొరేటర్ కారుకీ అదే గతి.

మరి ఈ మాట ఇంతకాలం ఎలా చెల్లింది? నా అనుమానం తలల లెక్క మీద. 90 వేలకు పైగా తయారైన టీఆర్6లలో అత్యధికం అమెరికాకి వెళ్లాయి, అన్నీ కార్బొరేటర్లతోనే. అంటే టీఆర్6 నడిపినవాళ్లలో ఎక్కువమంది ఇంజెక్షన్ మొహమే చూడలేదు. చూడనివాళ్ల మాటే ఎక్కువమంది మాటైంది. ఈలోగా బజారు తన మాట తాను చెబుతోంది. టీఆర్5కి పలికే ధర టీఆర్250కి పలకదు. వెబర్లకి మారిన కారుని అమ్మకానికి పెట్టేవాడు, తీసేసిన ఇంజెక్షన్ సామాను కూడా పెట్టెలో పెట్టి ఇస్తానని మరీ చెప్పి అమ్ముతాడు. పనికిరానిదైతే అంత జాగ్రత్తగా అటక మీద ఎందుకు దాచినట్టు?

“రోడ్డు పక్కన ఆగిపోతే ఏం చేస్తావు?” అన్నది చివరి బాణం. అయిదు సిలిండర్ల మీద కుంటుతున్న టీఆర్5 దగ్గర నిలబడి చేసేది ఇది. ఇంజన్ కాస్త చల్లారనిస్తాం. అలికిడి లేని ఇంజెక్టర్‌ని మానిఫోల్డ్ నుంచి లాగి, మూతి సీసాలోకి పెడతాం. చుట్టుపక్కల బీడీ వెలగకుండా చూసుకుంటాం. ఇంజన్‌ని మళ్లీ తిప్పించి, ఇంజెక్టర్ కొసన ఉన్న చిన్న సూదిని గోళ్లతో పట్టి మెల్లగా బయటికి లాగుతాం. ముందు నాలుగు గాలి బుడగలు, ఒక నలక, ఆ తర్వాత గొడుగు విప్పినట్టు సన్నటి పెట్రోలు జల్లు. తుడిచి, తిరిగి గుచ్చేస్తే ఆరో సిలిండర్ అందుకుంటుంది.