మిగులు నీళ్ళు ఎవరివి?



ఊళ్ళల్లో మీటింగులు పెట్టినప్పుడు మన వాళ్ళు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సార్, పటేలు బోరు రాత్రంతా నడుస్తది. ఆయన మడి నిండి, నీళ్ళు ఒడ్డు పొర్లి వాగుల కలుస్తయి. పక్కనే మన ఎకరం చెలక ఎండిపోతది. ఆ నీళ్ళు మళ్ళించుకుంటే దొంగతనమా?"

మేం బడిలో పిల్లలకు దొంగతనం తప్పని చెప్పి బతికేవాళ్ళం. ఈ ప్రశ్నను దాటెయ్యలేం.

ముందు ఇంకో ప్రశ్న అడగాలి. ఆ నీళ్ళు ఆయనవి ఎట్లయినయి? వాన ఊరందరి మీద పడ్డది. మన చెలకలో ఇంకిన చినుకు కూడా ఆయన బోరులో తేలుతది. భూమి పైన గెట్టు ఉంది. భూమి కింద గెట్టు ఉందా? 2004 నుంచి సాగు మోటర్లకు ఉచిత కరెంటు వచ్చింది. ఆ బిల్లు కట్టేది సర్కారు ఖజానా. ఆ ఖజానాలో మనం కొన్న అగ్గిపెట్టె మీది పన్ను కూడా ఉంది.

భూమి ఎవరిదో కింది నీళ్ళు తోడుకునే హక్కు వాళ్ళదేనని 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం రాసిపెట్టింది. అంటే భూమి లేనోడికి నీళ్ళూ లేవు! రాజ్యాంగం 15వ అధికరణం సర్కారు ఖర్చుతో నడిచే బావులు, చెరువులు మనకు తెరిచింది. మనం అక్కడికి చేరేసరికి ఊరబావి ఎండింది. నీళ్ళు దొర పొలంలోని బోరులోకి పోయాయి.

వాళ్ళు మనకు ఏం మిగిల్చారో కారంచేడు చెప్పింది. 1985 జులైలో మాదిగలు తాగే చెరువు దగ్గర కుడితి బకెట్లు కడిగారు. ఇదేమిటని అడిగితే కొట్టబోయారు. సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మురికి వద్దన్నందుకు ప్రాణాలు తీశారు!

అందుకే మా జవాబు ఇది. రాత్రిపూట కాలువ తెంపొద్దు. చాటుగా తెచ్చుకున్న నీళ్ళు ఒక తడికి సరిపోతాయి గాని హక్కు కావు. పైగా పోలీసు కేసు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు పట్టపగలు, వేలమందితో కలిసి తాగాడు. చెరువు మాదని కోర్టుకెక్కినవాళ్ళు 1937లో బొంబాయి హైకోర్టులో కూడా ఓడిపోయారు.

దయగా ఇస్తే కూడా తీసుకోవద్దు. ఆ దయకు ధర ఉంది. ముందు ఆయన మడిలో నాటు, పండక్కి వెట్టి, ఎన్నికల్లో ఓటు. ఇంత ఖరీదైన నీళ్ళు ఎక్కడన్నా ఉన్నాయా?

గ్రామసభలో నిలబడి అడుగుదాం. తాగే నీళ్ళకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. సాగు నీళ్ళకు వంతులు కాగితం మీద రాయించాలి. మోటరు రిపేరులో మన పాలు మనం కడదాం, రసీదు తీసుకుందాం. ఇది జరగని పని కాదు. అనంతపురం జిల్లాలో కొన్ని ఊళ్ళల్లో బోర్లను పైపులతో కలిపి, బోరు లేని రైతు పంటను కూడా కాపాడుకున్నారు.

మనలో మనం ఒక మాట. మాలబావి మీద మాదిగ బిందె పెట్టనియ్యని ఊళ్ళు మనకు తెలుసు. ఇవ్వాళ మన వాడలో బోరు పడ్డోడు పక్కింటి బిందెను తిప్పి పంపితే వాడూ చిన్న పటేలే. మనం పంచకుండా ఎవర్ని పంచమని అడుగుతాం?

ఇది సికింద్రాబాద్‌లో కూర్చుని రాస్తున్నాం. ఇక్కడ నల్లా తిప్పితే వచ్చేది మంజీర, కృష్ణ, గోదావరి నీళ్ళు. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన నల్లగొండ మీదుగానే కృష్ణ నీళ్ళు మా దాకా వచ్చాయి. పట్నం నల్లాను ఎవడూ దయ అనడు, హక్కు అంటాడు. మరి మన చెలకకు వచ్చే తడి దయ ఎట్లయితది?

దోసిలి పట్టే రోజులు పోవాలి. బిందె ఎత్తిన చెయ్యి దించొద్దు.

జై భీమ్!