అడవి అంచు ఊళ్లకు మాట ఉండాలి

2025లో అడవుల విషయంలో తీసుకున్న రెండు నిర్ణయాలు తెలంగాణ పల్లెలను రోడ్డెక్కించాయి. ఒకటి మన మండలంలోనిదే. ఆ ఫిబ్రవరిలో నల్లవల్లి శివారు ప్యారానగర్‌లో జీహెచ్‌ఎంసీ డంపు యార్డు పనులు పోలీసు బందోబస్తు మధ్య మొదలయ్యాయి. నల్లవల్లి, గుమ్మడిదల, చుట్టుపక్కల ఊళ్ల రైతులు, మహిళలు, యువకులు దీక్షలకు దిగారు. వ్యవహారం హైకోర్టుకు చేరింది.

రెండోది ఆసిఫాబాద్ జిల్లాలో. కవ్వాల్ నుంచి మహారాష్ట్రలోని తడోబా దాకా పులులు నడిచే దారిని కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ ప్రభుత్వం మే 30న జీవో 49 ఇచ్చింది. పోడు, పశువుల మేత, అటవీ హక్కులు ఏమవుతాయని ఆదివాసీలు కదిలారు, బంద్ పాటించారు. జూలైలో ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది.

ఒక చోట అడవి పక్కన చెత్త పోయాలనుకున్నారు, మరో చోట అడవిని కాపాడాలనుకున్నారు. ఈ రెండూ ఒకటి కావు. అయినా రెండు చోట్లా జనం అడిగిన ప్రశ్న ఒక్కటే: మా బతుకును మార్చే నిర్ణయం తీసుకునే ముందు మమ్మల్ని ఎందుకు అడగలేదు?

ఇది గొంతెమ్మ కోరిక కాదు, చట్టంలో ఉన్న మాటే. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 36ఏ సెక్షన్ ప్రకారం, రెండు రక్షిత ప్రాంతాలను కలిపే ప్రభుత్వ భూమిని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించే ముందు స్థానిక ప్రజలతో సంప్రదించాలి. 36బి ప్రకారం ఏర్పడే నిర్వహణ కమిటీలో ఆ పరిధిలోని ప్రతి గ్రామ పంచాయతీ నుంచి ఒక ప్రతినిధి ఉండాలి. వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల వారూ ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం మరో అడుగు ముందుకు వేసి, అడవిని, నీటి వనరులను కాపాడే అధికారాన్ని హక్కుదారుల గ్రామసభలకే ఇచ్చింది.

తెలంగాణలో తొమ్మిది అభయారణ్యాలు, మూడు జాతీయ పార్కులు ఉన్నాయి. మన జిల్లాలో మంజీర, పక్కన మెదక్‌లో పోచారం అందులోవే. నర్సాపూర్, నల్లవల్లి, ఖాజీపల్లి అడవులకు ఆ హోదా లేదు. కానీ మనకు వాటి విలువ తెలుసు. వాన నీరు అడవిలో ఇంకితేనే కింద కుంటలు నిండుతాయి, బోర్లు పోస్తాయి. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు ఏమైందో చూసిన రైతుకు ఈ పచ్చదనం ఎందుకు కావాలో వేరే చెప్పనక్కర లేదు.

2020లో ఈ అడవులకు దాతలు వచ్చారు. ఖాజీపల్లి అడవిలో 1,650 ఎకరాలను సినీనటుడు ప్రభాస్, మంబాపూర్–నల్లవల్లి బ్లాకును ఒక మందుల కంపెనీ దత్తత తీసుకున్నారు. సాయాన్ని మనం తప్పుపట్టడం లేదు. దాత డబ్బుతో కంచె వేయొచ్చు, పార్కు కట్టొచ్చు. ఎండాకాలం రాత్రి అడవిలో మంట లేస్తే ముందుగా చూసేది మాత్రం పక్క చేను రైతే. టిప్పర్ వచ్చి వ్యర్థాలు పారబోసి పోతే గుర్తుపట్టేది పశువుల కాపరే. ఆ రైతుకు, ఆ కాపరికి కమిటీలో కుర్చీ వేయకుండా అడవి నిలవదు.

ఇది మనకు కొత్త పాఠం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1992లో వన సంరక్షణ సమితులు మొదలయ్యాయి. ఊళ్లు వేల సంఖ్యలో అడవి కాపలాకు ముందుకొచ్చాయి. అయితే అజమాయిషీ అటవీ శాఖ చేతిలోనే ఉండిపోయింది. ప్రాజెక్టు నిధులు ఆగాక చాలా సమితులు పేరుకే మిగిలాయి. నేపాల్‌లో 1993 అటవీ చట్టం తర్వాత దారి వేరుగా సాగింది. అక్కడ 20 వేలకు పైగా సముదాయ సంఘాలు అడవిని నిర్వహించి, దాని రాబడిని తామే ఖర్చు పెట్టుకుంటున్నాయి. పని ఇచ్చి అధికారం ఇవ్వకపోతే ఏమవుతుందో, రెండూ ఇస్తే ఏమవుతుందో ఈ రెండు అనుభవాలు చెబుతున్నాయి.

అడవి పక్క సేద్యంలో కష్టం కూడా ఉంది. మక్క చేనును పందులు, కూరగాయ తోటను కోతులు పాడుచేస్తుంటే అడవి మీద ప్రేమ ఎలా నిలుస్తుంది? అలాగని చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడాన్ని మన సంఘం సమర్థించదు. ఆ తీగకు మనుషులు, ఎడ్లు కూడా బలవుతున్నారు. దానికి మందు సకాలంలో పరిహారం, సబ్సిడీ మీద సోలార్ కంచె.

అందుకే మన సంఘం డిమాండ్ చేస్తున్నది: నర్సాపూర్–నల్లవల్లి–ఖాజీపల్లి అడవుల నిర్వహణకు 36బి నమూనాలో కమిటీ వేసి, ప్రతి అంచు గ్రామం నుంచి రైతుకు, పశువుల కాపరికి, మహిళకు స్థానం కల్పించాలి. దత్తత నిధుల జమాఖర్చు ఊరి సభలో చదవాలి. పంట నష్టం లెక్క గ్రామస్థుల ముందే రాసి, పరిహారం గడువులోగా చెల్లించాలి. అడవిని ఆనుకుని ఏ ప్రాజెక్టు తలపెట్టినా ముందు ఊరి సభలో పెట్టాలి.

మన చేతిలో ఉన్న పనీ ఒకటుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా ప్రతి స్థానిక సంస్థకు జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. చెట్టు, చెరువు, పక్షి, విత్తనం వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మీ ఊళ్లో ఆ కమిటీ సభ్యులెవరో, రిజిస్టర్ ఎక్కడుందో సంఘం సభ్యులు ఈ నెలలోనే లిఖితపూర్వకంగా అడగండి. లేకపోతే వేయించండి. ఉంటే మన కుంటలు, మన మేత భూములు అందులోకి ఎక్కించండి. రేపు ఎవరైనా వచ్చి ఇక్కడేమీ లేదంటే, ఏముందో చూపడానికి మన చేతిలో కాగితం ఉండాలి.