సువర్ణదుర్గం: ఇంతకీ ఓడదొంగలెవరు?

హర్ణై రేవులో చేపల వేలంపాట కోలాహలాన్ని దాటుకొని, ఒక జాలరి మరపడవలో సువర్ణదుర్గం చేరాము. కొంకణతీరానికి కూతవేటు దూరంలో చిన్న ద్వీపమంతా కోటయే. గడపరాతి మీద తాబేలు, పక్క గోడపై హనుమంతుడు. లోపల ముళ్లపొదలు, శిథిలాలు.

"ఇది ఓడదొంగల కోటటండీ!" అన్నాడు మిత్రుడొకడు, చేతిలోని ఆంగ్లపుస్తకం చూపిస్తూ. ఆ మాటతోనే నా పేచీ.

సముద్రం మీదుగా వచ్చే దాడులనుండి తీరాన్ని కాచుకోవడానికి 1660 ప్రాంతంలో శివాజీ బలపరిచిన దుర్గమిది. తరువాత మరాఠా నౌకాధిపతి కాన్హోజీ ఆంగ్రేకు బలమైన స్థావరమైంది. ఆయన చేసిన నేరమేమిటి? తన జలాల్లో తిరిగే వర్తకనౌకలు 'దస్తక్' అనే అనుమతిపత్రం కొనాలన్నాడు, కొననివాటిని పట్టుకున్నాడు. పోర్చుగీసువారు 16వ శతాబ్దం నుండీ 'కర్తాజ్' పేరిట చేసింది అక్షరాలా అదే. వారిది సామ్రాజ్యమట, ఈయనది దొంగతనమట!

ఆంగ్రేల చేతిలో వర్తకులు నష్టపోలేదని నేననను. మనవాళ్ల ఓడలూ పోయాయి. కాని తూకపురాయి అందరికీ ఒకటే ఉండాలి కదా! 1755లో కమొడోర్ విలియం జేమ్స్ సువర్ణదుర్గాన్ని పట్టుకున్నాడు. తులాజీ ఆంగ్రేపై కక్షతో పీష్వాయే కంపెనీతో చేతులు కలిపాడన్నది మనం దిగమింగవలసిన చేదునిజం. మరుసటి ఏడు విజయదుర్గం మీదికి వాట్సన్, క్లైవులు వెళ్లారు. యుద్ధానికి ముందే కూర్చుని, దొరకబోయే సొత్తులో ఎవరి వాటా ఎంతో తేల్చుకున్నారు. మిత్రులైన మరాఠాలకు అందులో చోటు లేదు. సుమారు 10 లక్షల రూపాయలు పంచుకున్నారు. దొంగలను పట్టవచ్చినవారు చేసే పనేనా ఇది? జేమ్స్ స్మృత్యర్థం అతని భార్య 1784లో లండనులో కట్టించిన గోపురం నేటికీ 'సెవర్న్‌డ్రూగ్' పేరుతో నిలిచి ఉంది.

మన తెలుగుతీరంలో ఇంతకంటె నిక్కచ్చి అయిన మాట ఏనాడో చెక్కబడింది. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కొనేవారనీ, తాను నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటాననీ కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి శాసనంలో ప్రకటించాడు. లాక్కున్నది రాజైనా సరే, లాక్కోవడాన్ని లాక్కోవడమనే అన్నాడు.

2025లో ఈ కోట యునెస్కో ప్రపంచవారసత్వ జాబితాకెక్కింది. ఇక యాత్రాకథనాలు తెలుగులోనూ వెల్లువెత్తుతాయి. ఆంగ్లంలోని 'పైరేట్' అనే తీర్పును మనం కళ్లు మూసుకొని 'ఓడదొంగ' అని అనువదిస్తే, గెలిచినవాడి దస్తావేజు మీద మనమే సాక్షిసంతకం పెట్టినట్లు. ఆంగ్రేను ఓడదొంగ అనదలచుకుంటే అనండి, అభ్యంతరం లేదు. అదే కలంతో, అదే వాక్యంలో, క్లైవు పేరు కూడా చేర్చండి.

చేర్చగలమా మరి?